చేతికి మళ్ళీ చోటిచ్చే మెదడు

మా పెద్దనాన్నకు కిరాణా కొట్టు ఉండేది. పావుకిలో పంచదార కాగితంలో పోసి, అంచులు మడిచి, పైన వేలాడే ఉండ నుంచి పురికొస లాగి, రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవారు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన చూపు పొట్లం మీద ఉండేది కాదు. ఎదురుగా నిలబడ్డవాళ్ళను పొలం సంగతో, పిల్ల పెళ్ళి సంగతో అడుగుతూ ఉండేవారు. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి.

పక్షవాతం వచ్చాక ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజున ఆ కుడి చెయ్యి ఎవరో ఆయన ఒళ్ళో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు: “చెయ్యి పడిపోయింది.” పెద్దమ్మ అన్నం కలిపి నోటికి అందించేది. పొద్దునా సాయంత్రం నూనె వేడిచేసి ఆ చేతికి పట్టించేది. జబ్బు చేతిదే అన్నట్టు మేమందరం చేతినే చూసుకున్నాం. అందులో ఎముక, కండ, నరం అన్నీ బాగానే ఉన్నాయని, చెడింది దానికి ఆజ్ఞలిచ్చే చోటని మా బుర్రకెక్కడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు ఎంత విలువైనవో ఇంకా ఆలస్యంగా తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఏది నశించింది, ఏది మూగబోయింది

మెదడు మన ఒంటి బరువులో రెండు శాతమే. అయినా శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు దానికే పోతుంది. రేపటికి దాచుకునే గాదె అంటూ దానికి లేదు. రక్తం నిమిషం నిమిషం అందుతూ ఉండాల్సిందే. నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా అక్కడి కణాలకు నిమిషాల్లోనే చావు మొదలవుతుంది. పెద్ద నాళం మూసుకుపోయి చికిత్స అందకుంటే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు పోతాయని వైద్యుల అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు అందుకే. మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యి ఉన్నట్టుండి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా “తెల్లారాక చూద్దాం” అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

మొదటి రోజున మంచం మీద కనిపించే నష్టమంతా శాశ్వత నష్టం కాదు. మధ్యలో ఉన్న కణాలు చనిపోతాయి, అవి తిరిగి రావు. వాటి చుట్టూ ఉన్న ప్రాంతం కొనప్రాణంతో ఉంటుంది. రక్తం సకాలంలో అందితే అది నిలబడుతుంది. మూడోది చాలామందికి తెలియదు. గాయానికి దూరంగా ఉండి, ఏ దెబ్బా తగలకపోయినా, తమకు రోజూ కబురు పంపే కణాలు పోవడంతో మూగబోయే ప్రాంతాలు కొన్ని ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, తీగలన్నీ బాగానే ఉన్నా పక్క వీధిలోనూ దీపాలు ఆరిపోయినట్టు. కాన్‌స్టాంటిన్ ఫాన్ మోనకోవ్ అనే నాడీశాస్త్రవేత్త 1914లోనే దీన్ని గుర్తించి ‘డయాస్కిసిస్’ అని పేరు పెట్టాడు.

రోజులు, వారాలు గడిచేకొద్దీ వాపు తగ్గుతుంది, మూగబోయిన చోట్లలో కొన్ని తిరిగి పలుకుతాయి. ఎవరూ ఏమీ చేయకపోయినా చాలామందిలో తొలి మూడు నెలల్లో కొంత కదలిక తనంతట తానే వస్తుంది. ఎంత వస్తుందన్నది గాయం పరిమాణాన్ని బట్టి, అది పడిన చోటును బట్టి ఉంటుంది. మన ఊళ్ళలో పావురం రక్తం రాసేవాళ్ళకు, ఆకుపసరు పోసేవాళ్ళకు పేరు వచ్చింది ఈ మూడు నెలల పుణ్యానే. రెండో వారంలో పసరు తాగారు, అయిదో వారంలో కాలు కదిలింది. ఆ కాలు పసరు లేకపోయినా కదిలేదే. ఆ నమ్మకంతో ఊళ్ళు తిరుగుతూ గడిపిన వారాలు మాత్రం వెనక్కి రావు. మేమూ ఒకసారి వెళ్ళొచ్చాం కాబట్టి ఇంకొకరిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ ప్రయాణం రోజున ఆయన చెయ్యి ఒక్క పని కూడా చేయలేదన్నది నాకు గుర్తుంది.

పటం మీద హద్దులు

చనిపోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టనప్పుడు, ఆ తర్వాత వచ్చే కదలిక ఎక్కడి నుంచి వస్తుంది? స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రమోన్ యి కహాల్, నాడీకణాలను సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మలు గీసి 1906లో నోబెల్ బహుమతి పంచుకున్న మహానుభావుడు, ఎదిగిన మెదడులో దారులు స్థిరపడిపోయినవని, అక్కడ అన్నీ చనిపోవడమే తప్ప తిరిగి పుట్టడం ఉండదని రాశాడు. కణాల విషయంలో, ముఖ్యంగా కదలికలను నడిపే ప్రాంతంలో, ఆ మాట నేటికీ చాలావరకు నిలిచే ఉంది. కానీ దారుల విషయంలో నిలవలేదు. చెట్టు నరికితే చెట్టు రాకపోవచ్చు. పక్క చెట్టు కొమ్మ ఆ వెలుగులోకి వంగుతుంది.

మెదడు పైపొరలో, ఇంచుమించు చెవికి చెవికి మధ్య తలమీదుగా హెయిర్‌బ్యాండ్ పెట్టుకునే చోట, కదలికలకు ఆజ్ఞలిచ్చే పట్టీ ఉంది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్తుతో తాకుతూ, ఎక్కడ తాకితే ఏ అవయవం కదులుతుందో గుర్తించి 1937లో ఆ పటాన్ని ప్రచురించాడు. అందులో అవయవాలకు దక్కిన చోటు వాటి కొలతను బట్టి ఉండదు. వీపంతటికీ ఇరుకు గది, బొటనవేలికీ పెదాలకూ పెద్ద పెద్ద హాళ్ళు. ఎంత సున్నితమైన పని చేస్తే అంత చోటు. అక్కడి నుంచి బయలుదేరే నాడీ తంతువుల్లో ఎక్కువ భాగం మెదడు కాండం దిగువన అటువి ఇటు, ఇటువి అటు దాటి వెన్నుపాములోకి దిగుతాయి. ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోవడం అందుకే.

ఈ పటం రాతి మీద చెక్కిన శాసనం అని చాలాకాలం అనుకున్నారు. 1980లలో మైకేల్ మెర్జెనిక్, జాన్ కాస్ బృందం కోతుల మీద పరిశోధించి, ఒక వేలు తొలగిస్తే స్పర్శ పటంలో దాని చోటును కొన్ని నెలల్లో పక్క వేళ్ళు ఆక్రమిస్తాయని చూపింది. ఊళ్ళో సాగు చేయని చెలక గట్టును పక్క రైతు నాగలి ఎలా జరుపుకుంటూ పోతుందో తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు.

నా మటుకు నాకు ఈ విషయమంతటిలో కీలకమైన ప్రయోగం 1996లో రాండాల్ఫ్ నూడో బృందం చేసినది. స్క్విరల్ కోతుల మెదడులో చేతికి సంబంధించిన ప్రాంతంలో చిన్న ముక్కకు మాత్రమే రక్తం ఆపారు. కొన్ని కోతులను వాటి మానాన వదిలేశారు. కొన్నింటికి మంచి చెయ్యి వాడకుండా అడ్డు పెట్టి, చిన్న గుంటల్లోంచి తిండిగింజలు తీసుకోవడం రోజూ సాధన చేయించారు. వదిలేసిన కోతుల్లో ఏమైందంటే, గాయం తగలని పక్క భాగంలో కూడా చేతికి ఉన్న చోటు తగ్గిపోయింది. దెబ్బ తిన్నది కొంతే, పోగొట్టుకున్నది అంతకన్నా ఎక్కువ. సాధన చేసిన కోతుల్లో మిగిలిన చోటు నిలబడింది. కొన్నింటిలో మోచెయ్యి, భుజాల చోటులోకి కూడా వేళ్ళ పటం విస్తరించింది. ఇది చదివినప్పుడు నాకు పెద్దమ్మ కలిపి పెట్టిన ముద్దలు గుర్తొచ్చాయి. అంత ప్రేమతో, పూటపూటా, ఆ చేతికి పని లేదని ఆయన మెదడుకు మేమే చెబుతున్నాం.

పటం మారడం అన్న మాట వెనుక కణాల స్థాయిలో జరిగేది మూడు రకాలుగా ఉంటుంది. ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే సంధుల్లో, ఇంతకాలం ఉండి కూడా నిద్రాణంగా ఉన్నవి పనిలోకి వస్తాయి. వాడుతున్న సంధులు బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. ఇక తంతువులే కొత్త కొమ్మలు వేస్తాయి. నూడో బృందమే 2005లో ఇంకో విశేషం చూసింది: గాయం తర్వాత కోతి మెదడు ముందు భాగం నుంచి బయలుదేరిన తంతువులు పాడైన చోటు దగ్గరికి వచ్చి, మలుపు తిరిగి, అంతకుముందు తమకు పెద్దగా సంబంధం లేని స్పర్శ ప్రాంతంతో కొత్తగా కలిశాయి. వంతెన కొట్టుకుపోతే లారీలు చుట్టుదారి పట్టడం మనకు తెలుసు. ఇక్కడ లారీలు వెళ్ళే కొద్దీ ఆ చుట్టుదారే రోడ్డవుతుంది.

వాడకపోవడం కూడా ఒక చదువే

అలబామా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ టాబ్, అంతకు చాలా ముందే, ఒక చేతిలో స్పర్శ నరాలు కోసేసిన కోతులను గమనించాడు. కదిలించే నరాలు చెక్కుచెదరలేదు, అయినా కోతి ఆ చెయ్యి వాడదు. మంచి చెయ్యి కట్టేస్తే మాత్రం వాడుతుంది. గాయం తగిలిన తొలినాళ్ళలో కోతి ఆ చేత్తో ప్రయత్నిస్తుంది, విఫలమవుతుంది, పడిపోతుంది. రెండో చేత్తో పని జరిగిపోతుంది. “ఈ చెయ్యి పనికిరాదు” అన్న పాఠం బలంగా పడుతుంది. తర్వాత ఆ చేతికి శక్తి వచ్చినా పాఠం మారదు. వాడకపోవడాన్నే నేర్చుకుంది అన్నమాట.

మనుషుల్లో దీనికి విరుగుడుగా ఆయన తయారుచేసిన పద్ధతిలో మంచి చేతికి మెత్తని తొడుగు వేసి, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం దాకా దాన్ని ఉంచి, బలహీనమైన చేత్తోనే రోజుకు గంటల తరబడి పనులు చేయిస్తారు. 2006లో వెలువడిన ‘ఎక్సైట్’ పరీక్షలో పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది పాల్గొన్నారు. రెండు వారాల ఈ సాధన పొందినవాళ్ళ చెయ్యి మామూలు సంరక్షణలో ఉన్నవాళ్ళ కన్నా బాగా మెరుగుపడింది, ఆ మెరుగు ఏడాది తర్వాతా నిలిచింది. ఒక షరతు మరిచిపోకూడదు. మణికట్టునూ వేళ్ళనూ కొద్దిగానైనా పైకెత్తగలిగినవాళ్ళనే ఇందులో చేర్చుకున్నారు. పూర్తిగా వాలిపోయిన చేతికి మంచి చెయ్యి కట్టేయడం హింస తప్ప వైద్యం కాదు. అలాంటివారికి అద్దం సాయం చేయవచ్చు. మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చెయ్యి కోల్పోయినవారి ‘లేని చేతి నొప్పి’ కోసం వాడిన అద్దం పెట్టె, తర్వాత పక్షవాతానికీ వచ్చింది. మంచి చెయ్యి ప్రతిబింబం కదులుతుంటే అది తన రెండో చెయ్యే అని మెదడు కొంతవరకు నమ్ముతుంది.

లెక్క దగ్గర మనం ఓడిపోతున్నాం

జంతు ప్రయోగాల్లో పటం మారడానికి రోజుకు 400 నుంచి 600 సార్లు ఆ పని చేయిస్తారు. మనుషులకు చికిత్స గదుల్లో దొరుకుతున్నది ఎంత? కాథరీన్ లాంగ్ బృందం అమెరికా, కెనడాల్లో 312 ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్ళీ నేర్పే చికిత్స) సెషన్లను పక్కన కూర్చుని లెక్కపెట్టి 2009లో ప్రచురించింది. చేత్తో నిజమైన పని సాధన చేయించిన సెషన్లలో సగటున వచ్చిన సంఖ్య 32. బాగా వసతులున్న దేశాల్లో పరిస్థితి ఇది. మండల కేంద్రంలో ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి అరగంట ఉండి వెళితే, మిగిలిన గంటల్లో ఏం జరుగుతుందన్నదే ఆ చెయ్యి భవిష్యత్తు.

మా ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఒక చిన్నవాడు. మొదటి రోజే నూనె గిన్నె పక్కన పెట్టించాడు. బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దానిపై పెద్దనాన్న చెయ్యి పెట్టి, “నేను తోయను, మీరే తోయాలి” అన్నాడు. తువ్వాలు రెండంగుళాలు జరిగింది. ఆయన నుదుట చెమట పట్టింది. “యాభై సార్లు అయ్యాక ఆపుదాం,” అన్నాడు ఆ అబ్బాయి. మేము చేతిని పట్టుకుని పైకీ కిందకీ ఆడించే వ్యాయామం కీళ్ళు బిగుసుకోకుండా కాపాడుతుందే కానీ మెదడుకు నేర్పేది చాలా తక్కువ అని అప్పుడే చెప్పాడు. ఆజ్ఞ లోపలి నుంచి రావాలి. అది తప్పినా, సగంలో ఆగినా, ప్రయత్నమే సంధులను బిగిస్తుంది. నెలన్నర తర్వాత ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చింతపిక్కలు వేయడం మొదలుపెట్టించాడు. తేలికైతే పిక్కలు చిన్నవి కావాలి, గిన్నె దూరం జరగాలి. తేలిగ్గా అయిపోతున్న పనిలో కొత్తగా నేర్చుకునేది ఉండదు.

మరైతే మొదటి రోజు నుంచే ఒళ్ళు హూనమయ్యేలా చేయించాలా? కాదు. 2015లో ప్రచురితమైన ‘అవర్ట్’ పరీక్షలో 2104 మందిని చూశారు. తొలి 24 గంటల్లోనే ఎక్కువసేపు, మళ్ళీ మళ్ళీ మంచం దించి నడిపించినవాళ్ళలో మూడు నెలల తర్వాత బాగుపడినవారి శాతం తగ్గింది. గాయపడిన మెదడుకు మొదటి గంటల్లో కావలసింది వేరు. 2021లో అలెగ్జాండర్ డ్రోమెరిక్ బృందం 72 మందిపై చేసిన పరీక్షలో, అదనంగా ఇచ్చిన అవే 20 గంటల సాధన రెండు, మూడు నెలల మధ్య ఇస్తే ఎక్కువ ఫలితం ఇచ్చింది, మొదటి నెలలో కొంత తక్కువ, ఆరు నెలలు దాటాక చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. గాయం తర్వాతి వారాల్లో, పసితనంలో మెదడు ఎదిగేటప్పుడు పనిచేసే జన్యువుల్లో కొన్ని మళ్ళీ మేల్కొంటాయని జంతు పరిశోధనలు చెబుతున్నాయి. ఆ అదును అది. విత్తనం ఎంత మంచిదైనా అదునుకే పడాలని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే ఆరు నెలలు దాటగానే తలుపు మూసుకుపోతుందన్న మాట కూడా నిజం కాదు. ఆ మాట విని ఎన్ని కుటుంబాలు సాధన మానేశాయో. లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో మూడు వారాల్లో 90 గంటల సాధన ఇచ్చే కార్యక్రమం ఉంది. అక్కడ చేరిన 224 మందిలో సగం మందికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర దాటింది. అయినా వాళ్ళ చేతులు మెరుగుపడ్డాయి, ఆరు నెలల తర్వాతా ఆ మెరుగు పోలేదు. 20 గంటలకు కదలనిది 90 గంటలకు కదలవచ్చు.

తప్పుదారిలోనూ నేర్చుకుంటుంది

మంచి అలవాటుకూ చెడ్డ అలవాటుకూ మెదడుకు తేడా తెలియదు. ఏది పదేపదే చేస్తే అది గట్టిపడుతుంది. గ్లాసు అందుకోవడానికి మోచెయ్యి చాచలేక నడుం మొత్తం ముందుకు వంచితే గ్లాసు అందుతుంది, మోచెయ్యి చాచడం మాత్రం ఎప్పటికీ రాదు. వీపు కుర్చీకి ఆనించి కూర్చోమని థెరపిస్టులు మొత్తుకునేది ఇందుకే.

పిడికిలి బిగుసుకుపోవడం కూడా దారుల కథే. వేళ్ళను విడివిడిగా ఆడించే దారి తెగినప్పుడు, మెదడు కాండం నుంచి దిగే ఒక పురాతన దారి భారం మోస్తుంది. అది నిలబడటానికీ, మొత్తం చేతిని ఒక్కసారిగా ముడవడానికీ సరిపోతుంది. చూపుడువేలును ఒక్కదాన్నే లేపమంటే దానికి చేతకాదు. అందుకే భుజం ఎత్తబోతే మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు అన్నీ కలిసి ముడుచుకుంటాయి. పలకరించడానికి వచ్చే ప్రతి ఒక్కరూ రబ్బరు బంతి తెచ్చి నొక్కమంటారు. చాలామందిలో మూయడం ముందే వస్తుంది, కష్టమంతా తెరవడంలోనే ఉంటుంది. బంతి పట్టుకున్న చెయ్యి వదలగలుగుతోందా అన్నది చూడాలి. ఇంకొక మాట, వాలిన చెయ్యి పట్టుకుని మనిషిని మంచం మీంచి లాగవద్దు. కండరాల పట్టు లేని భుజం కీలు జారుతుంది, ఆ నొప్పితో నెలల సాధన ఆగిపోతుంది.

మెదడులో గాయం తగలని రెండో అర్ధభాగం సంగతి కూడా ఉంది. తొలివారాల్లో పడిన చెయ్యి కదపబోతే స్కానింగులో మెదడు రెండు వైపులా వెలుగుతుంది, ఊరంతా సాయానికి వచ్చినట్టు. బాగా కోలుకున్నవారిలో ఆ వెలుగు మళ్ళీ గాయపడిన వైపుకే చేరుతుంది. గాయం చాలా పెద్దదైనవారికి ఆ రెండో వైపే చివరిదాకా ఆసరా.

మాత్రల మీద పెట్టుకున్న ఆశ ఫలించలేదు. దిగులు తగ్గించే ఫ్లూఓక్సెటీన్ కదలికనూ పెంచుతుందని 2011లో 118 మంది మీద జరిగిన చిన్న పరీక్ష ఆశపెట్టింది. 2018లో 3127 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో అది తేలలేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. మెడలోని వేగస్ నరాన్ని సాధన చేస్తున్న క్షణంలోనే ప్రేరేపించే పరికరానికి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. 108 మంది మీద ఫలితం బాగుంది. కానీ అందులోనూ సాధన లేకుండా పరికరం ఒక్కటే పని చేయదు.

ఇల్లు, థెరపిస్టు

మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిగిన ‘అటెండ్’ పరీక్ష ఫలితం 2017లో వచ్చినప్పుడు చాలామందికి నిరాశ కలిగింది. కుటుంబసభ్యులకు ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గర వాళ్ళ చేతే సాధన చేయిస్తే సరిపోతుందేమో అని పరీక్షించారు. ఆరు నెలల తర్వాత, మామూలు సంరక్షణ పొందినవారికన్నా మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా లేదు. దీన్ని బట్టి ఇంటివాళ్ళ శ్రమ వృథా అని నేను అనుకోను. థెరపిస్టును తీసేసి ఆ బరువంతా ఇంటి మీద వేస్తే సరిపోదని మాత్రం దీన్నుంచి నాకు అర్థమైంది. ఏ పని, ఎంత కష్టంగా, ఎలా కూర్చుని, ఎప్పుడు మార్చాలి అన్నది తెలిసినవాళ్ళు చెప్పాలి. రోజుకు మూడు వందల సార్లు దగ్గర కూర్చుని లెక్కపెట్టేది ఇంటివాళ్ళు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చీటీలో బీపీ మాత్రల పక్కన ఈ లెక్క కూడా ఎందుకు రాయరన్నది నా బాధ.

పెద్దమ్మ అన్నం తినిపించడం మానేయడానికి చాలా ఏడ్చింది. చెంచాకు గుడ్డ చుట్టి లావు చేసి ఆయన కుడి చేతికిచ్చి, తను వంటింట్లోకి వెళ్ళి నిలబడేది. సగం అన్నం కింద పడేది. గంట పట్టేది. మధ్యలో ఆమె ఒక్కసారి కూడా బయటికి వచ్చేది కాదు, వస్తే తన చెయ్యి ఆగదని ఆమెకే తెలుసు.

ఏడాది గడిచాక ఆయన కొట్టు మెట్లెక్కారు. అప్పటికి సరుకులన్నీ కవర్లలో వస్తున్నాయి. అటక మీంచి పురికొస ఉండ దింపించి, కాగితంలో గుప్పెడు శనగపప్పు పోయించుకుని కూర్చున్నారు. ఒక పొట్లానికి నాలుగు నిమిషాలు పట్టింది. ముడి వదులుగా ఉంది, పురికొస కత్తెరతో నేను కోశాను. ఆయన కళ్ళు ఆ నాలుగు నిమిషాలూ వేళ్ళ మీంచి కదలలేదు. రోజూ పది పొట్లాలు కట్టేవారు, ఎవరూ కొననివి, సాయంత్రం విప్పి మళ్ళీ డబ్బాలో పోసేవి. మరుసటి సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు కూడా కడుతూనే ఉన్నారు. రెండో చుట్టు వేస్తూ తల ఎత్తి, “ఉద్యోగం ఎలా ఉందిరా?” అని అడిగారు. నేను జవాబు చెబుతుంటే వేళ్ళు ముడి బిగిస్తున్నాయి.